ఊరికి ఏది పెడదాం: ఓపెన్ జిమ్మా, కోలాటమా, పెరటి తోటా, కొర్రల బస్తాలా?

సంక్రాంతికి ఊరొచ్చిన మన పిల్లలు తిరుగు ప్రయాణంలో బ్యాగులు సర్దుకుంటూ ఒక మాట అడుగుతుంటారు. "మాస్టారూ, అమెరికాలో ఉన్నవాళ్లం, బెంగుళూరులో ఉన్నవాళ్లం కలిసి రెండు మూడు లక్షలు పోగేశాం. ఊళ్లో ఏ ఇంటికెళ్లినా షుగరూ బీపీలే. ఓ ఓపెన్ జిమ్ పెట్టేద్దామా?" హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నా దాకా వస్తుంది. నా జవాబు వాళ్లకి అంతగా రుచించదు. జిమ్ వద్దని అనను గానీ, అది వరసలో చివరన రావాల్సిన వస్తువు. అదే డబ్బుతో అంతకన్నా ఎక్కువమందికి పనికొచ్చేవి ఉన్నాయి, కొన్నిటికైతే డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. కొనేసి వదిలేసే వస్తువు మీద పెట్టే రూపాయి కన్నా, రోజూ వచ్చి నిలబడే మనిషి మీద పెట్టే రూపాయి ఎక్కువ కాలం పనిచేస్తుందన్నది నా లెక్క. కింద రాసిన పోలికంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

"పల్లెటూరి వాళ్లకి వ్యాయామం ఏంటండీ, పొద్దస్తమానం పొలం పనే కదా" అంటారు. సగమే నిజం. దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది, మందు కొన్నిచోట్ల డ్రోను కొడుతోంది, గట్టు దాకా బండి వెళ్తోంది. మోటారు స్టార్టరు కూడా మంచం మీంచి ఫోన్లో నొక్కేవాళ్లున్నారు. రైతు ఒంటికి పని తగ్గింది గానీ కంచంలో అన్నం మాత్రం తాతగారి కొలతలోనే పడుతోంది. అదే ఊళ్లో నాట్లకీ కలుపుకీ పోయే ఆడకూలీ సంగతి చూడండి. పొద్దున్నే చద్దన్నంలో పచ్చడి వేసుకుని పోయి, నడుం వంచి సాయంత్రం దాకా చేసి, వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఆమెని "రోజూ అరగంట నడవమ్మా" అనడం అన్యాయం. ఆమెకి కావాల్సింది పప్పు, గుడ్డు, ఆకుకూర, రక్తం పట్టే మాత్ర, కాస్త నిద్ర.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే ఈ రెండు ముఖాలూ ఒకేచోట కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే వయసువాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ. తెలంగాణలో ఈ అంకెలు 30, 58 దగ్గర ఉన్నాయి. బరువెక్కువ ఉండి రక్తం తక్కువున్నవాళ్లూ ఇందులో ఉంటారు, అన్నం తప్ప ఇంకేదీ సరిగ్గా కంచంలోకి రాని ఇళ్లలో జరిగేది అదే.

ఇది కొత్తగా వచ్చిన బెడద కూడా కాదు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఒక ఏడాది పాటు చావులకి కారణాలు వెతికి చూసిన అధ్యయనం 2006లో అచ్చయింది. ప్రతి మూడు చావుల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లే అని తేలింది. టౌన్ల జబ్బు అనుకున్నది ఇరవై ఏళ్ల కిందటే కాలువ గట్లు దాటి వచ్చేసింది.

అందుకని డబ్బు సంగతి ఎత్తేముందు ఒక సాయంత్రం ఆశా కార్యకర్తనీ, ఏఎన్ఎంనీ, అంగన్‌వాడీ టీచర్నీ, డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య లీడర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. ఊళ్లో ముప్పై దాటినవాళ్లెందరు, బీపీ మందులు వాడుతూ మానేసినవాళ్లెవరు, బరువు పెరగని పిల్లలు ఏ వీధిలో ఉన్నారు, అన్నీ వాళ్ల రిజిస్టర్లలోనే ఉంటాయి. కదలికలేని బతుకు ఎక్కువగా కనిపిస్తే ఒక దారి, కంచం ఖాళీగా కనిపిస్తే ఇంకో దారి. చాలా ఊళ్లలో రెండూ ఉంటాయి, వీధి మారితే మారుతుంది అంతే.

ఒళ్లు కదిలించే పనుల్లో ఏది మేలు

ఓపెన్ జిమ్‌తో మొదలెడదాం, అందరి కన్నూ దాని మీదే కాబట్టి. రంగురంగుల ఇనప సామాను, పంచాయతీ ఆఫీసు ముందు పాతుతారు, రిబ్బన్ కత్తిరిస్తారు. మొదటి నెల పిల్లలు వాటి మీద ఉయ్యాలలూగుతారు. వర్షాకాలం గడిచేసరికి బేరింగుల్లో నీళ్లు దిగి కిర్రుమంటాయి, ఒక పెడలు ఊడుతుంది, ఊడినది ఊడినట్టే ఉంటుంది. గ్రీజు పెట్టే బాధ్యత ఎవరిదో ఏ తీర్మానంలోనూ రాయరు. పైగా నలుగురు మగవాళ్లు కూర్చునే సెంటర్లో పెడితే, ఆడవాళ్లు చీర కట్టుకుని ఆ మిషన్లెక్కి కాళ్లు ఊపరు. జరిగే పని కాదది. బాగా నడిచేవి లేవా అంటే ఉన్నాయి. ప్రహరీ ఉన్న బడి ఆవరణలోనో, పార్కులోనో పెట్టి, లైటు వేసి, తాళం ఒకరి చేతికిచ్చి, ఏడాదికింతని మరమ్మత్తుకి పక్కన పెట్టినచోట నడుస్తాయి. కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లకి చేతులూ భుజాలూ తిప్పుకునే పరికరాలు రెండు మూడు చాలు, మొత్తం సెట్టు అక్కర్లేదు.

నడక బాట విషయంలో నా సలహా: కొత్తది వేయకండి. చెరువు గట్టో, కాలువ గట్టో, హైస్కూల్ గ్రౌండో ఎలాగూ ఉంటుంది. ముళ్లకంప కొట్టించి, నాలుగైదు ఎల్ఈడీ లైట్లు వేయించి, మధ్యలో ముసలివాళ్లు కూలబడడానికి రెండు సిమెంటు బల్లలు వేయిస్తే సరిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్పింది, అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున. ఎంత వేగం అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఊళ్లో నడకకి అడ్డొచ్చేవి కొన్ని ఉన్నాయి. కుక్కలున్నాయి, తెల్లారకుండా గట్టు మీద పాములున్నాయి కాబట్టి టార్చీ, కాళ్లకి చెప్పులూ తప్పనిసరి. షుగరున్నవాళ్లు భక్తి అనో అలవాటనో ఉత్త కాళ్లతో నడవకూడదు, స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలీదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు పరగడుపున దూరం పోకుండా, జేబులో రెండు బెల్లం ముక్కలుంచుకోవాలి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టుంటే ఆగిపోయి ఆ రోజే డాక్టరుకి చూపించుకోవాలి, గ్యాసని సోడా తాగి ఊరుకోకూడదు. గట్టు లేక తారు రోడ్డు మీదే నడవాల్సివస్తే కుడిపక్కన, ఎదురొచ్చే బండి కళ్లకి కనబడేలా నడవాలి. మనవాళ్లు ఎడమపక్కన కబుర్లాడుకుంటూ పోతారు, వెనక ఇసక లారీ వస్తున్నా తెలియదు.

ఆడవాళ్లకి ఇంకో అడ్డు ఉంది. ఒక్కతే నడిస్తే "పనీపాటా లేదు కాబోలు" అంటారు. పదిమంది కలిసి నడిస్తే ఆ మాట నెలరోజుల్లో ఆగిపోతుంది. డ్వాక్రా గ్రూపు ఎలాగూ పదిమందే కదా, గ్రూపుకి గ్రూపే బయల్దేరడం అన్నిటికన్నా తేలిక.

వాలీబాల్ కోర్టు కుర్రాళ్లకి మంచిదే, ఖర్చూ తక్కువ. రెండు స్తంభాలు, ఒక నెట్టు, బంతి, ఓ లైటు. తెలంగాణలో అయితే కొత్తది కట్టేముందు ఊళ్లో 2022 నుంచి పెట్టిన క్రీడా ప్రాంగణం బోర్డు ఎక్కడుందో వెతకండి. గడ్డి మొలిచి ఉంటే పీకించి, చదును చేయించడం కొత్త కోర్టుకన్నా చవక. వాలీబాల్‌తో ఇబ్బందేమిటంటే ఆడే పన్నెండుమందీ రోజూ ఆ పన్నెండుమందే. ఆడపిల్లలు గోడ పక్కనుంచి చూస్తారు. అందుకే నేను అదే నెట్టు మీద సాయంత్రం మొదటి గంట ఆడపిల్లలకి రింగు ఆట పెట్టమంటాను. టెన్నికాయిట్ రబ్బరు రింగు ఖరీదు ఎంతని! ఖోఖోకి అదీ అక్కర్లేదు, రెండు కర్రలు పాతితే చాలు. పిల్లలకి రోజుకి గంటసేపు ఒళ్లలిసేలా ఆట కావాలి. బడిలో పీఈటీ పీరియడ్‌ని లెక్కల మాస్టారు లాగేసుకునే ఊళ్లలో ఆ గంట సాయంత్రమే దొరకాలి.

ఇక కోలాటం. ఆరోగ్య పథకాల కాయితాల్లో దీని పేరు కనిపించదు గానీ, గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో నడివయసు ఆడవాళ్లని రోజూ గంటసేపు చెమట పట్టించగలిగినది ఇంతకు మించి నేను చూడలేదు. రాత్రి వంటలు, వడ్డనలు అయ్యాక ఏడున్నరకో ఎనిమిదికో రామాలయం ముందుకి చేరతారు. కొంగు నడుముకి దోపి, చేతుల్లో కోలలు, మధ్యలో గురువు, ఓ మూల స్పీకరు బాక్సు. మొదటి వారం అడుగులు తప్పుతాయి, కోలలు వేళ్లకి తగులుతాయి, నవ్వులే నవ్వులు. నెల తిరిగేసరికి రెండు వరసలు ఎదురెదురుగా గుండ్రం తిరుగుతూ, వంగి లేస్తూ, ఒక పాట అయ్యేసరికి మాట తడబడేంత ఆయాసం తెచ్చుకుంటారు. డాక్టర్లు చెప్పే మధ్యస్థ శ్రమ అంటే అదే, కాస్త పైనే ఉంటుంది.

ఎందుకు నిలబడుతుందంటే దానికి ఒక గమ్యం ఉంది. శ్రీరామనవమికి ఆడాలి, పక్క ఊరి కళ్యాణానికి పిలుపొస్తుంది, ఒకే రంగు చీరలు కొనుక్కోవాలి, జడకోలాటం నేర్చుకోవాలి. "బరువు తగ్గడానికి వెళ్తున్నా" అంటే అత్తగారు మొహం చిట్లిస్తుంది. "కోలాటానికి వెళ్తున్నా" అంటే దేవుడి పని కాబట్టి ఆవిడే పిల్లాణ్ని చూసుకుంటుంది. ఖర్చంతా గురువుగారికిచ్చే నెల జీతం, కోలలు, స్పీకరు. విరాళం ఇచ్చేవాళ్లు గురువు జీతంలో సగం ఏడాదిపాటు భరించి, మిగతా సగం ఆడేవాళ్లే వేసుకునేలా చూడాలి. మొత్తం ఉచితంగా ఇస్తే వచ్చేవాళ్లు పలచబడతారు.

లోపాలు దాచను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వంగి తిరిగే అడుగులు వేయలేరు, వాళ్లని నిలబడి చప్పట్లతో ఆడే వరసలో పెట్టాలి. అంతకన్నా పెద్ద చిక్కు గుడి ముందు ఆడితే ఎస్సీ కాలనీ ఆడవాళ్లు రాకపోవడం. రారు అనడంకన్నా పిలవరు అనడం నిజం. అన్య మతాలవాళ్లు అసలే రారు. అందుకే ఊరి డబ్బుతో పెట్టేది గుడి ముందు కాకుండా బడి గ్రౌండులో పెట్టమని పట్టుబట్టండి, పాటల్లో జానపదాలు కలపమనండి. దీనికి ఒప్పుకోని కమిటీకి డబ్బివ్వకపోవడమే మేలు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులే అయినా, ఆ కూడినవాళ్లనే తర్వాత నెలల్లో కోలాటానికో నడకకో కొనసాగించవచ్చు.

యోగా గురించి ఒక్క ముక్క. నేర్పే మనిషి ఊళ్లోనే ఉంటే పెట్టండి. జూన్ 21న చాపలు పరిచి ఫొటో దిగి మడిచేసేదానికి పైసా ఇవ్వకండి.

నా వరస ఇదీ: ముప్పై అయిదు దాటిన ఆడవాళ్లకి కోలాటం, మగవాళ్లకీ పెద్దవాళ్లకీ లైట్లున్న గట్టు, పిల్లలకి రింగు, ఖోఖో, వాలీబాల్. ఈ మూడూ నడిచి ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు జిమ్.

తిండి వైపు: పెంచాలా, పంచాలా, తగ్గించాలా

చిరుధాన్యాల బస్తాలు పంచుదామనేది ఈమధ్య బాగా వినపడుతున్న ఆలోచన. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మరీ. కొర్రలు, సామలు, అరికెలు మంచివే, పైపొట్టు మరీ పాలిష్ పట్టకుండా ఉంటే పీచు నిలుస్తుంది. కానీ లెక్క చూడండి. రేషన్లో బియ్యం ఉచితం, తెలంగాణలో 2025 నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యమే ఇస్తున్నారు. కొట్లో కొర్ర బియ్యం కిలో మామూలు సన్నబియ్యానికి దాదాపు రెట్టింపు ధర పలుకుతుంది. మీరిచ్చిన బస్తా అయిపోయిన రోజు ఆ ఇల్లు మళ్లీ బియ్యానికే పోతుంది. నిలబడాలంటే పండేచోట తినాలి. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు అదే చేశారు. విత్తనం ఇంట్లో దాచుకున్నారు, సొంత చేలో జల్లారు, ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర చేసి ఊరూరా చూపించారు. మీది జొన్నలు పండే ఊరైతే జొన్నరొట్టె, రాగులు పండేచోట సంగటో అంబలో, ఇవి తిరిగి రావడం సులువు. కాలువ కింద వరి తప్ప ఏదీ వేయని ఊళ్లో కొర్రల ప్రచారం ఫ్లెక్సీతోనే ఆగిపోతుంది. ఇంకో హెచ్చరిక: షుగరున్నవాళ్లు "రాగి జావే కదా" అని పంచదార వేసుకుని పెద్ద గ్లాసులు తాగుతున్నారు. మెత్తగా పిండి పట్టి జావ కాస్తే అదీ త్వరగానే రక్తంలో చక్కెర పెంచుతుంది. ధాన్యం మారితే చాలదు, కొలతా మారాలి.

కొలత అన్నాను కాబట్టి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క చెప్తాను. రోజుకి రెండు వేల కేలరీల మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, అందులో వంద ఆకుకూర. దీన్ని నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి గుణించండి. బియ్యంతో సహా ధాన్యం 30 కిలోలు, పప్పులు 10 కిలోలు. మన ఇళ్లలో బియ్యం బస్తా దాటుతుంది, కందిపప్పు రెండు మూడు కిలోలకి మించదు. గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లు పప్పు కొంత తగ్గించుకోవచ్చు గానీ, ఆదివారం ఒక్కరోజు కోడికూర దానికి సరిపోదు. "అన్నం మానెయ్" అనే సలహా కన్నా "గరిటెడు అన్నం తీసి గరిటెడు పప్పు వెయ్" అనేది వంటింట్లో నడుస్తుంది.

పెరటి తోట నాకిష్టమైన ఎంపిక, అయితే అన్ని ఊళ్లకీ కాదు. గిన్నెలు కడిగిన నీళ్లు పారేచోట రెండు మళ్లు చేసి తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి వేస్తే నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది. దడి మీద బీర, పొట్ల, మూలన మునగ, బొప్పాయి, కరివేపాకు. విత్తనాల ఖర్చు నామమాత్రం. స్థలం లేని కాలనీ ఇళ్లకి ఉమ్మడిగా బడి వెనకో అంగన్‌వాడీ పక్కనో పోషణ వాటిక వేయొచ్చు, నీళ్లు పోసే వంతు కాయితం మీద రాసుకుంటే. తెలంగాణలో చాలా ఊళ్లలో దీన్ని దెబ్బతీసేది నీళ్లు కాదు, కోతులు. సొరకాయ చేతికొచ్చేలోపు పాదు పీకి పందిరి విరిచి పోతాయి. అక్కడ తీగజాతులు మానేసి, ఆకుకూర మళ్ల మీద పాత చేపల వలో షేడ్ నెట్టో గుడారంలా వంచి కట్టాలి. ఆ వల ఖర్చు లెక్కలో వేసుకోకుండా విత్తనాల ప్యాకెట్లు పంచితే డబ్బు కోతులకి పెట్టినట్టే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోమని, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దని కూడా చెప్పండి. పులుపు ఇనుముని ఒంటికి పట్టిస్తుంది, టీ పట్టనివ్వదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఎక్కువమంది తాగేది అన్నానికి ఆనుకునే టీనే.

పైసా ఖర్చు లేనిది ఉప్పూ నూనెల లెక్క, నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఇదే. మనిషికి రోజుకి ఉప్పు అయిదు గ్రాములకి లోపు ఉండాలి. నలుగురి ఇంట్లో నెలకి ఆరువందల గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు నెలా ఇరవై రోజులు రావాలి. నూనె మనిషికి రోజుకి 20 గ్రాముల చొప్పున చూసినా నలుగురికి నెలకి రెండున్నర లీటర్లు దాటకూడదు, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి ఇంకాస్త. సంఘం మీటింగులో ప్యాకెట్టు విప్పిన తేదీ ప్యాకెట్టు మీదే స్కెచ్ పెన్నుతో రాసుకోమని చెప్పండి. నెల చివర ఖాళీ కవర్లు పట్టుకురమ్మనండి. ఎవరి ఇంట్లో ఎంత అని దెప్పుళ్లు రాకుండా, ఎవరి పాత లెక్కతో వాళ్లే పోల్చుకోవాలి. ఆవకాయ జాడీలో పడే ఉప్పూ, అప్పడాలూ వడియాలూ కూడా ఈ ఖాతాలోవే అని గుర్తుచేయండి, అక్కడే గొడవ మొదలవుతుంది. ఆవకాయ మానమని చెప్పిన మనిషి మాట ఆ తర్వాత ఇంకెవరూ వినరు, ముద్దకి కాకుండా నంజుకోమంటే వింటారు.

బడికీ అంగన్‌వాడీకీ సాయం చేయాలనుకుంటే కొత్తగా వంట పెట్టకండి. మధ్యాహ్న భోజనం ఉంది, గుడ్డు ఉంది, రాగి జావ రెండు రాష్ట్రాల బడుల్లోకీ 2023లో వచ్చింది. లోటు ఎక్కడుందో అడిగి అది తీర్చండి: తాగునీటి ఫిల్టరు, చేతులు కడుక్కునే కుళాయిలు, వంటచేసేవాళ్లకి మిక్సీ. ఆకలేసిన పిల్లాడికి బడి గేటు బయట ఎదురయ్యేది మాత్రం కిరాణా కొట్టు. గుమ్మానికి దండల్లా వేలాడే అయిదు రూపాయల పొట్లాలు సరిగ్గా మూడో తరగతి పిల్లాడి కళ్ల ఎత్తులో ఉంటాయి. కొట్టాయనతో "అవి అమ్మొద్దు" అంటే అమ్మకుండా ఉండడు, ఆయన బతుకూ అదే. కానీ సంఘం ఆడవాళ్లు చేసిన పల్లీ పట్టీలు, నువ్వుండలు సీసాల్లో ముందు వరసలో పెట్టి, ఒక్కోదానికి పొట్లం మీద వచ్చేంత లాభం ఆయనకి మిగిలేలా ధర కడితే, దండలు లోపలికి జరుగుతాయి. బడి ఫంక్షన్లలో బిస్కెట్లకి బదులు శనగ గుగ్గిళ్లు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, కాలంలో తేగలు పెట్టడానికి ఏ పథకమూ అక్కర్లేదు. శ్రీరామనవమి వడపప్పు మనకి ఎప్పట్నుంచో ఉన్నదే.

మెడికల్ క్యాంపు సంగతి

టెంటు వేసి, ఒకే రోజు నాలుగొందలమందికి షుగరు చూసి, చీటీ చేతిలో పెట్టి పంపే క్యాంపు కన్నా, నెలకో నాడు బీపీ చూసే ఏర్పాటు ఎన్నో రెట్లు నయం. ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగరు పరీక్ష ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగానే చేయాలి, మందులూ ఇవ్వాలి. తెలంగాణలో వాటిలో కొన్నిటిని పల్లె దవాఖానాలుగా మార్చారు. మీరు చేయాల్సింది జనాన్ని అక్కడికి చేర్చడం, కోలాటం ఆడేచోటికే నెలకోసారి ఏఎన్ఎంని పిలవడం. షుగరు స్ట్రిప్పులకి గడువు ఉంటుంది కాబట్టి ఒకేసారి పెట్టెలకొద్దీ కొనకండి.

ఏ ఊరికి ఏది

కాలువ కింద వరి ఊరు, కొంచెం డబ్బున్న ఇళ్లు, మిషన్ల వ్యవసాయం అయితే కోలాటం, గట్టు మీద లైట్లు, ఉప్పూ నూనెల లెక్క, నెలనెలా బీపీ. కొర్రల జోలికి పోవద్దు. మెట్ట ఊరు, కూలి ఇళ్లు ఎక్కువ అయితే ముందు కంచం: ఆకుకూర మళ్లు, సంఘం నుంచి టోకున పప్పూ గుడ్లూ కొని చవకగా ఇచ్చే ఏర్పాటు, ఆడపిల్లలకి రక్తం పట్టడానికి బడిలో వారంవారం ఇచ్చే నీలం ఇనుము మాత్ర నిజంగా మింగుతున్నారా అని చూడడం. అక్కడ నడక కార్యక్రమం పెడితే నవ్వుతారు, నవ్వాల్సిందే. ఏజెన్సీ ఊళ్లలో సామలూ రాగులూ పొలంలోనే ఉన్నాయి, దంచడం కష్టమై బియ్యానికి మారుతున్నారు, కాబట్టి పొట్టు తీసే చిన్న మిల్లు ఒకటి నాలుగైదు గూడేలకి కలిపి పెట్టించండి. టౌనుకి ఆనుకున్న ఊళ్లలో కుర్రాళ్లు రాత్రి నూడుల్స్ బండి దగ్గర కనిపిస్తారు, వాళ్లకి లైటున్న వాలీబాల్ కోర్టు బాగా పనిచేస్తుంది, ఆట అయ్యేసరికి బండి మూసే టైమవుతుంది.

డబ్బు పంపేవాళ్లకి

మొత్తం ఒకేసారి పంపకండి. సగం ఇచ్చి, ఆరునెలల తర్వాత హాజరు పుస్తకం ఫొటో తీసి పంపమని అడిగి, మిగతాది ఇవ్వండి. అది గ్రామ సమాఖ్య ఖాతాలోకి వెళ్తే లెక్క నెలనెలా పదిమంది ముందు చదువుతారు, ఏ ఒక్కరి ఫోన్‌పేకీ పంపకండి. ఏ పనికైనా బాధ్యుల పేర్లు ఇద్దరివి రాయించండి, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి, ఇద్దరూ రాజకీయంగా ఒకే వర్గం కాకూడదు. శంకుస్థాపన ఫలకానికి మాత్రం ఖర్చు రాయనివ్వకండి.

కాలం కూడా చూసుకోండి. విత్తనాలు తొలకరికి అందాలి, అంటే మే నెలలోనే కొని ఉంచాలి. నడకా కోలాటమూ దసరా వెళ్లాక, వానలు తగ్గి కోతలు మొదలయ్యేలోపు మొదలుపెడితే సంక్రాంతికి అలవాటు కుదురుతుంది. కోతలప్పుడు ఎవరూ రారు, ఆ నెల ఆపేసి ఫలానా తేదీన మళ్లీ అని ముందే చెప్పేయండి. ఎండాకాలం పొద్దున్న ఏడు దాటాక ఎవర్నీ గట్టెక్కనివ్వకండి.